బోర్డు లేని షెడ్డు, స్ప్రింగ్ కాటా, మా నాయన జీపు

పాత జీపు ఉన్నవాళ్ళు బెంగళూరులో సరైన మెకానిక్ కోసం ఎంత తిరగాలో నాకు బాగా తెలుసు. నేను రెండేళ్ళు తిరిగినాను. చివరికి దొరికింది విల్సన్ గార్డెన్ నుంచి లక్కసంద్ర వైపు పోయే సందుల్లో ఒక రేకుల షెడ్డు. బోర్డు లేదు, కార్డు లేదు. గేటు ముందర ఎప్పుడూ విప్పేసిన యాక్సిలు (ఇరుసు) ఒకటి, దాని పక్కన గోడకు ఆనించిన కమాన్ కట్టలు (ఇనప ఆకుల స్ప్రింగులు) ఉంటాయి, అదే గుర్తు. ఏడు వారాలు మా జీపు అక్కడ ఉండింది. బయటికొచ్చి ఏడాది దాటింది, 6,400 కిలోమీటర్లు తిరిగింది. అందుకే ఇప్పుడు రాస్తున్నా. తెచ్చుకున్న వారానికే రాసుంటే అది సంతోషంలో రాసిన మాట అయ్యేది.

ముందు జీపు సంగతి. 1992 మోడల్ మహీంద్రా ఎంఎం 540. నాయన కొత్తదే కొన్నాడు. మాది కోలారు జిల్లా శ్రీనివాసపురం. ఊరు కర్ణాటకలోదే గానీ ఇంట్లో, సంతలో, మామిడికాయల మండీలో మాటంతా తెలుగే. కాయల కాలంలో నాయన తెల్లారి మూడింటికి లేచి తోటలకు పోయేవాడు. వానకు జారే ఎర్రమట్టి దారులు, వంకలు, చెరువు కట్టలు, అన్నీ ఈ బండితోనే. కేఏ 07 నంబరు ప్లేటు, డాష్‌బోర్డు మీద చేత్తో రాసిన మండీ నంబరు, ఎడమ పక్క బాడీకి కాయల పెట్టెలు రాసుకొని రాసుకొని పెయింటు పోయి మెరిసే రేకు, ఇవన్నీ ఇప్పటికీ ఉన్నాయి. 2019లో నాయన పోయినాక మా అన్నవాళ్ళు అమ్మేద్దామన్నారు. బెంగళూరులో నేనుండే కె.ఆర్.పురం తెచ్చుకున్నా. హైస్కూల్లో లెక్కలు చెప్తాను. శనివారం మధ్యాహ్నం బడి వదలగానే ఈ బండిలోనే ఊరికి పోతాను.

ఈ జీపులో ఉన్న ఇంజను ఫ్రెంచి కంపెనీ ప్యూజో వాళ్ళ ఎక్స్‌డీపీ 4.90. దీన్ని ఇక్కడ తయారుచేయడానికి మహీంద్రా 1979లో లైసెన్సు తీసుకుంది. 2,112 సీసీ డీజిలు, 62 హార్స్ పవర్, నాలుగు గేర్లు. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు, స్టీరింగు తిప్పేది మన భుజాలే. ఎత్తు బానెట్టు పాత అమెరికా జీపు విల్లీస్ సీజే 3బి నుంచి వచ్చిన రూపం. నిండు లోడుతో గట్టెక్కేటప్పుడు ఈ ఇంజను తొందరపడదు, మనల్నీ తొందరపడనీయదు. హైవేలో 60 దాటించను. లీటరుకు పదకొండు, పన్నెండు ఇస్తుంది. ఆ వేగం చాలని ఒప్పుకున్నవాళ్ళకు ఇంతకన్నా నమ్మకమైన బండి నేను చూడలేదు.

షెడ్డుకు చేర్చింది ఒక రాత్రి. ఎన్‌హెచ్ 75 మీద నర్సాపుర దాటి బెంగళూరు వైపు వస్తున్నా, 55లో. వంతెన జాయింటు మీద చక్రం ఎగిరి పడింది. అంతే, స్టీరింగు చేతుల్లో చలిజ్వరం పట్టినట్టు కొట్టుకోవడం మొదలుపెట్టింది. ముందు చక్రాలు రెండూ కుడికీ ఎడమకీ అదురుతున్నాయి, బానెట్టు ఊగిపోతోంది. బ్రేకు గట్టిగా తొక్కలేదు. యాక్సిలరేటరు వదిలేసి, స్టీరింగు బిగబట్టి, నెమ్మదిగా ఎడమకు తెచ్చుకున్నా. 20కి దిగినాక ఆగింది. పక్క సీట్లో మా మేనకోడలుంది. ఆ పాప మొహం చూసి ఆ రాత్రే నిర్ణయించుకున్నా, ఇది సరయ్యేదాకా ఎవర్నీ ఎక్కించుకోకూడదని.

మొదట పోయిన చోట స్టీరింగ్ డ్యాంపర్ వేసి 4,800 తీసుకున్నారు. కొన్నాళ్ళు నిమ్మళంగానే ఉండింది. 1,100 కిలోమీటర్లకు మళ్ళీ అదే వణుకు. డ్యాంపరు వణుకును కొంత మింగుతుంది, వణుకు పుట్టించే వదులు మాత్రం లోపల అట్లాగే ఉంటుంది. నొప్పికి మాత్ర వేసి ఇరిగిన ఎముకను వదిలేసినట్టు. రెండో చోటు పెద్ద షోరూమ్ లాంటిది. బండి చుట్టూ తిరిగి చూసి నాలుగున్నర లక్షలకు రీస్టోరేషన్ అన్నారు. హర్యానాలోని డబ్వాలీ నుంచి కొత్త బాడీ, నలుపు మ్యాట్ పెయింటు, లావు టైర్లు, వేరే ఇంజను. పెయింటు పోయిన ఆ రేకును, డాష్‌బోర్డు మీది అంకెలను చూపించి ఇవి ఉండాలి కదా అంటే, కొత్త బాడీ వస్తే అవెందుకు మేడమ్ అన్నారు. నేను బండి తాళం తీసుకొని వచ్చేసినా. ఇంకొక మాట, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ నుంచి బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సంగతే గట్టిగా చెప్పింది. లావు టైర్లు, వేరే ఇంజను పెట్టించాలనుకునేవాళ్ళు ముందు ఇది కనుక్కోండి.

ఇక షెడ్డు. నడిపే ఆయనది కదిరి. అందరూ భాయ్ అంటారు, నేనూ అట్లాగే పిలుస్తా. నన్ను అక్కా అంటాడు, నాకన్నా పదేళ్ళు చిన్న. మొదటి రోజు నేను వణుకు గురించి చెప్పడం పూర్తికాకముందే ముందు చక్రం జాకీ మీద లేపించాడు. పానా కూడా తీసుకోలేదు. చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకొని ఊపాడు. టక్ టక్‌మంది. లోపల కూర్చున్న పిల్లోడితో, "బ్రేకు తొక్కి పట్టుకోరా" అన్నాడు. మళ్ళీ ఊపాడు. మళ్ళీ టక్‌మంది.

"చూసినావా అక్కా, బ్రేకు పట్టినాక ఆట పోయుంటే వీల్ బేరింగు. పోలేదు. ఇది కింగ్‌పిన్."

రెండు నిమిషాల పని ఇది. బ్రేకు పడితే డ్రమ్మూ దాని వెనక ప్లేటూ ఒకటైపోతాయి, వీల్ బేరింగులో వదులుంటే అది కనబడకుండా పోతుంది. అప్పటికీ కదిలితే ఆ కదలిక ఇంకా లోపల, చక్రం కుడి ఎడమలకు తిరిగే కీలు దగ్గరుంది. తర్వాత పక్కల నుంచి పట్టుకొని ఊపి, రెండు ముందు చక్రాలనూ కలిపే కడ్డీ చివర్లు (టై రాడ్ ఎండ్లు) చూశాడు, అవి బాగున్నాయి. నా క్లాసులో పిల్లలకు నేను చెప్పేది ఇదే, ఒకదాన్ని కట్టేసి మిగతాది చూడమని. రెండేళ్ళలో ఎవరూ ఈ పరీక్ష చేయలేదు.

నకిల్ (చక్రాన్ని పట్టుకొని కుడి ఎడమలకు తిరిగే భాగం) విప్పే రోజు నన్ను రమ్మన్నాడు. సెలవు పెట్టి పోయినా. ఈ జీపులకు ముందు యాక్సిలు రెండు చివర్లా ఒక ఇనప గుండు ఉంటుంది, దాని మీద నకిల్ తిరుగుతుంది, మధ్యలో నీళ్ళు పోకుండా సీలు. మా సీలు ఎప్పుడో చిరిగింది. లోపలి గ్రీజు పాలు కలిపిన కాఫీ రంగులోకి వచ్చింది. నీళ్ళు కలిశాయని అర్థం. బేరింగు కప్పును కిరోసిన్‌తో కడిగి నా చేతికిచ్చి, "గోరుతో తిప్పి చూడు" అన్నాడు. కంటికి నున్నగానే ఉంది. గోరు పెట్టి చుట్టూ లాగితే వరసగా సన్నని గుంటలు తగిలాయి, ఒక్కో రోలరుకు ఒకటి. బండి నేరుగా పోయేటప్పుడు రోలర్లు ఎప్పుడూ అవే చోట్ల కూర్చుంటాయి, ఏళ్ళ తరబడి దెబ్బలు తిని తిని అక్కడే గుంట పడుతుంది. పాతికేళ్ళకు పైగా నాయన పోయిన దారులు ఆ కప్పులో అచ్చుపడి ఉన్నాయి. ఆ నాలుగు కప్పులూ ఇంటికి తెచ్చుకున్నా.

కొత్త బేరింగులు ఎక్కించినాక చేసిన పని గురించే ముఖ్యంగా రాయాలనుకున్నా. బేరింగు మూత కింద పలచని రేకులుంటాయి, షిమ్ములు. అవి ఎక్కువైతే నకిల్ వదులు, తక్కువైతే బిగువు. ఎంత బిగువుండాలో చాలామంది చేత్తో తిప్పి సరే అంటారు. భాయ్ గోడకు తగిలించిన స్ప్రింగ్ కాటా తీశాడు, పాత పేపర్లు కొనేవాళ్ళ దగ్గర చూస్తామే, కొక్కెం ఉన్నది, అదే. టై రాడ్ విప్పేసి, సీలు ఇంకా వేయకుండా, స్టీరింగ్ ఆర్ము బెజ్జంలో కొక్కెం తగిలించి నేరుగా లాగాడు. ముల్లు ఒక్కసారి పైకి పోయింది. "అది లెక్కలేదు, కదలడం మొదలైనాక చూడాల" అన్నాడు. కదులుతుండగా కిలోన్నర. పై నుంచి ఒక షిమ్ము, కింది నుంచి అంతే మందం షిమ్ము తీశాడు, ఒక పక్కే తీస్తే యాక్సిలు నడిమధ్యలో కుదరదు. బిగించి మళ్ళీ లాగాడు. అట్లా ఐదుసార్లు. కాటా రెండు దాటి, మూడుకు చేరకముందే నిలిచినాక టవలుతో చెయ్యి తుడుచుకున్నాడు. రెండో పక్కకు ఇంకో పూట పట్టింది. వేలికొనకు తెలియని తేడాను కాటా చెప్తుంది, కాటా చెప్పిన దాన్ని ఓపికగా వినే మనిషి కావాలి. ఆ పూట చూసినాక ఈ షెడ్డులో ఏ పని అప్పజెప్పినా నాకు భయం లేదు.

డ్యాంపరు తీసి నా చేతికిచ్చేశాడు. "అవసరం లేదు, కావాలంటే పెట్టుకో" అన్నాడు. నేను పెట్టించలేదు. ఆ వంతెన జాయింటు మీద ఈ ఏడాదిలో ఎన్నిసార్లు పోయినానో లెక్కలేదు, స్టీరింగు ఒక్కసారీ వణకలేదు.

కమాన్ కట్టల్లో రెండు ఆకులు విరిగినాయి, అవి మార్చి, కట్టలను ఛాసిస్‌కు తగిలించే బుష్షులు, షాకిల్ పిన్నులు కొత్తవి వేశాడు. అదనంగా ఇంకో ఆకు వేయమంటే వద్దన్నాడు, ఖాళీ బండి ఎగిరెగిరి పడి ఛాసిస్‌కు దెబ్బ అన్నాడు. బ్రేకులకు వీల్ సిలిండర్లు, రబ్బరు గొట్టాలు మార్చాడు. బ్రేకు ఆయిలు గాలిలో చెమ్మను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్ళకోసారి మొత్తం తీసేయమన్నాడు. హీటర్ ప్లగ్గులు నాలుగూ పోయినాయి. ఈ ఇంజను డీజిలు ముందు చిన్న గదిలో మండి తర్వాత సిలిండరులోకి వస్తుంది, ఆ గది వెచ్చబడకపోతే డిసెంబరు పొద్దున స్టార్టు కాదు. డీజిలు పంపు మాత్రం తాను ముట్టుకోకుండా అడుగోడి దగ్గర పంపుల పని చేసేవాళ్ళకు పంపాడు. డీజిలు పంపులు చేసే మైకో ఫ్యాక్టరీ నీడలో పెరిగిన పేట అది. కంపెనీ పేరు 2008లో బాష్ అయినా అక్కడ అందరి నోటా ఇంకా మైకోనే. తనకు రాని పనిని రాదని చెప్పి పంపే మెకానిక్ మీద గౌరవం పెరుగుతుంది.

గేర్ ఆయిలు దగ్గర ఒక పాఠం నేర్చుకున్నా. ఎక్కువ నంబరు మంచిదనుకొని నేను జీఎల్ 5 డబ్బా కొనుక్కుపోయినా. వాపసు చేయించాడు. అందులో కలిపే గంధకం మందు గేర్‌బాక్సులో గేరు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులను తినే అవకాశం ఉంది, గేర్‌బాక్సుకు జీఎల్ 4 రకం తొంబై నంబరు ఆయిలు పోయాలన్నాడు.

రేకు పనిలో ఈ షెడ్డు పద్ధతి నాకు బాగా నచ్చింది. డ్రైవరు కాళ్ళ కింద ఫ్లోరు తుప్పు పట్టింది. పైన ఎప్పుడో కొట్టించిన తారు పూతే దానికి కారణం. తుప్పును, చెమ్మను కింద మూసిపెట్టి లోలోపల తినింది. భాయ్ గోకి, వైరు బ్రష్షు కొట్టి, గట్టి రేకు తగిలేదాకా వచ్చి, అరచేతి వెడల్పు ముక్క మాత్రం కోసి ఒకటిన్నర మిల్లీమీటరు రేకు అతికాడు. మొత్తం ఫ్లోరు మార్చడం తేలిక కదా అనడిగితే, "బాగున్న రేకును ఎందుకు చంపడం అక్కా, ఆ కాలపు రేకు ఇది" అన్నాడు. కింద ఎపాక్సీ ప్రైమరు. పైన పాత పెయింటును గీకనే లేదు. సబ్బునీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టి, కాచిన అవిసె నూనె గుడ్డతో పలచగా పట్టించాడు. మాసిపోయిన ఆకుపచ్చ లోపల్నుంచి తేరుకొని వచ్చింది. కాయల పెట్టెలు రాసిన చోటు మెరుపు అట్లాగే ఉంది, నూనె పూత వల్ల తుప్పు పట్టలేదు. ఇది ఇంట్లో చేసుకునేవాళ్ళకు ఒక హెచ్చరిక. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ముద్దచేసి మూల పారేయొద్దు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విడివిడిగా పరిచి ఆరనివ్వండి, లేదంటే నీళ్ళ బకెట్లో వేయండి.

బండి ఇచ్చే రోజు గ్రీజు గన్ను నాతోనే పట్టించాడు. గ్రీజు ఎక్కించే ఏ నిపుల్ ఎక్కడుందో కింద దూరి చూపించాడు. ప్రొపెల్లర్ షాఫ్టు మీద, షాకిళ్ళ మీద, పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి. వెయ్యి కిలోమీటర్లకోసారి, నీళ్ళల్లో దిగితే ఆ మర్నాడే. మా తాత ఇరుసుకు కందెన పెట్టనిదే ఎద్దులబండి పొలిమేర దాటించేవాడు కాదంట. నెలకోసారి చీర మార్చుకొని పాత చుడీదార్ వేసుకొని జీపు కింద దూరినప్పుడు ఆ మాట గుర్తొస్తుంది.

ఫోర్ వీల్ ఎట్లా పనిచేస్తుందో జూన్‌లో తోటలో చూశా. రాత్రంతా వాన, పొద్దున వెనక ఇరవై క్రేట్లు తోతాపురి. చెరువు కట్ట మీద నుంచి తోటలోకి దిగే వాలు ఎర్రటి జావ. గేరు కర్ర పక్కన రెండు చిన్న కర్రలుంటాయి. ఒకటి ముందు చక్రాలను కలుపుతుంది, రెండోది హై, లో. బండి పూర్తిగా ఆపి లో వేశా. లోలో చక్రానికి అందే బలం 2.46 రెట్లు, వేగం అంతకంతా తక్కువ. ఫస్టు గేరులో కాలు ఏ పెడల్ మీదా పెట్టకుండా వదిలేశా. ఇంజనే బండిని పట్టుకొని దించింది, మనిషి నడక కన్నా మెల్లగా. స్టీరింగు ఎటు తిప్పితే అటు పోయింది, పోయిన ఏడాది ఆ వాలులో నాకు చెమటలు పట్టాయి. తారు రోడ్డెక్కగానే ముందు చక్రాలు విడదీశా. నాయన చిన్నప్పుడే నేర్పాడు, తారు మీద కలపొద్దని. మలుపులో ముందు చక్రాలు పెద్ద వలయం తిరుగుతాయి, వెనకవి చిన్నది. మట్టిలో జారి సర్దుకుంటాయి, తారు మీద జారలేక ఆ తేడా అంతా గేర్లలో మెలిపడుతుంది, కర్ర బిగిసిపోతుంది. అట్లా బిగిస్తే కొంచెం వెనక్కి పోనిస్తే వదులుతుంది.

లోపాలు. మూడు వారాలన్నాడు, ఏడు పట్టింది. ఫోను ఎత్తడు. పని ఎంతవరకొచ్చిందో తెలియాలంటే మనమే పోవాలి. వైరింగు పని అక్కడ బలహీనం, ఇండికేటర్లకు నేను మళ్ళీ వేరే ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోవాల్సి వచ్చింది. బిల్లు నోటుబుక్కు కాగితం మీద రాస్తాడు. అయితే తీసేసిన ప్రతి పాత సామానూ గోనెసంచిలో వేసి వెనక సీట్లో పెట్టి ఇస్తాడు, ఏది మార్చాడో మనం లెక్క చూసుకోవచ్చు. మొత్తం 42,550 అయింది, కూలి అందులో 14,000. సామాన్లు నేనే బండ్ల సామాన్ల కొట్లుండే జేసీ రోడ్డులో కొన్నా, భాయ్ చీటీ రాసిచ్చినవి మాత్రమే. ఈ జీపులకు సామాన్లు ఇప్పటికీ దొరుకుతాయి, నకిలీవీ దండిగా దొరుకుతాయి. బేరింగు కొనేటప్పుడు డబ్బా చూసి మోసపోవద్దు, రింగు మీద చెక్కిన అక్షరాలు వేలితో తడిమి చూడండి.

కాగితాల గురించి చాలామంది అడుగుతారు. ఢిల్లీ చుట్టుపక్కల పాత డీజిలు బండ్ల మీద పెట్టిన నిషేధం లాంటిది ఇక్కడ లేదు. పదిహేనేళ్ళు దాటినాక ఐదేళ్ళకోసారి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చూపించి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించుకోవాలి. ఆ ఫీజును కేంద్రం 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 చేసింది, ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేసింది. మాకు 2027లో పడుతుంది, ఇప్పట్నుంచే డబ్బు పక్కన పెడుతున్నా. వింటేజ్ రిజిస్ట్రేషన్ యాభై ఏళ్ళు దాటినవాటికే, పైగా ఆ నంబరుతో రోజూ నడపకూడదు. నాకు నడిపే బండి కావాలి.

కొత్తగా మెరిసే జీపు కావాలనేవాళ్ళు ఈ షెడ్డుకు పోతే నిరాశపడతారు. వాళ్ళ నాన్నదో తాతదో బండి ఉండి, అది ఉన్నట్టుగానే ఉండి క్షేమంగా పరిగెత్తాలనుకునేవాళ్ళు కళ్ళు మూసుకొని పోవచ్చు. పొద్దున పదిన్నరకు ముందు పోండి, తర్వాత సందులో బండి తిప్పడం కష్టం. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు మూస్తాడు.

ఇప్పుడు మా బండికి క్లచ్చు పెడల్ బాగా పైకొచ్చినాకే పట్టుకుంటోంది. పోయిన వారం చూపిస్తే రెండుసార్లు నడిపి చూసి, "ఇంకో రెండు నెలలు లాగుతుంది, సంక్రాంతి అయినాక తీసుకురా" అన్నాడు. క్లచ్చు ప్లేటు సైజు చీటీ మీద రాసిచ్చి, కొట్లో స్ప్లైన్లు (ప్లేటు మధ్య బెజ్జంలోని పళ్ళు) లెక్కపెట్టి మరీ తీసుకోమన్నాడు. చీటీ డాష్‌బోర్డులో పెట్టా, మండీ నంబరు కింద.